తార్నాకలో ఇంకా వాన పడలేదు

మా ఇంట్లో వేసవి సెలవులకు ఊటీ లేదు, కొడైకెనాల్ లేదు. క్యాంపస్ ఉంది. తార్నాకలో మా గేటు దాటి, సందు తిరిగి, పెద్ద రోడ్డును ప్రాణాలతో దాటగలిగితే యూనివర్సిటీ చెట్లు మొదలవుతాయి. రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన మా నాన్న దృష్టిలో చెట్టున్న ప్రతి చోటూ విహారస్థలమే. టికెట్ లేకపోతే అది స్వర్గం.

బడికి సెలవులిచ్చిన మర్నాడే, చీకటి ఇంకా పోకముందే నన్నూ అక్కనూ లేపేవాడు. "లేవుండ్రి, అడవికి పోదాం" అనేవాడు. ఆ అడవిలో బస్టాపు ఉండేది, టీ కొట్టు ఉండేది, సర్కారు నౌకరీ పరీక్షల కోసం చెట్ల కింద పుస్తకాలు బట్టీ కొట్టే అన్నలుండేవారు. నెమళ్ళు కూడా ఉండేవి. నెమలి కనిపిస్తే మేం ఆగిపోయేవాళ్ళం, అది మాత్రం ఆగేది కాదు. దానికి మేం రోజూ కనిపించే రకమే.

సెలవుల్లో అన్నిటికంటే చివర వచ్చేది నేరేడు చెట్టు. హాస్టళ్ళ వెనక, అడిక్‌మెట్ వైపు పోయే దారిలో ఉంటుంది. నాన్న దోటితో కొమ్మలు కదిపేవాడు. కింద మేం పాత దుప్పటి పరిచి పట్టుకునేవాళ్ళం. దుప్పటికి నాలుగు కొసలు. అమ్మ ఒకటి, అక్క ఒకటి, నేనొకటి. నాలుగోది పట్టుకునే మనిషి మా ఇంట్లో లేడు కాబట్టి నాన్న స్కూటర్ హ్యాండిల్‌కు కట్టేవాళ్ళం. ఆ స్కూటర్ రోడ్డు మీద ఎప్పుడూ సరిగ్గా పనిచేయలేదు గానీ దుప్పటి పట్టుకోవడంలో మాత్రం మా అందరికంటే స్థిరంగా ఉండేది.

దీనికొక నియమం ఉంది. మొదటి వాన పడే దాకా చెట్టును ముట్టుకోకూడదు. ఎండాకాలమంతా పట్టిన రోడ్డు దుమ్ము కడుక్కుపోవాలని, ఒక వాన తాగితేనే పండుకు తీపి వస్తుందని నాన్న సిద్ధాంతం. చెప్పింది నాన్న. అమలు చేసింది అక్క. ఒకసారి వాన రాకముందే ఒక పండు దానంతటదే నా ముందు రాలింది. నోట్లో వేసుకున్నాను.

"ఉమ్మెయ్" అంది అక్క.

"అరే, అదే పడ్డది! నేనేం తెంపలే."

"వాన పడ్డదా?"

"పండు పడ్డది కదా."

"వాన పడ్డదా అని అడుగుతున్న. ఉమ్మెయ్."

ఉమ్మేశాను. గింజ అప్పటికే మింగేశాను కాబట్టి కడుపులో చెట్టు మొలుస్తుందని కూడా ఆ రోజంతా బెదిరించింది. ఇలాంటి మనిషి పెద్దయ్యాక టీచరమ్మ కాక ఇంకేమవుతుంది? అదే అయింది. పెళ్ళయ్యాక మల్కాజ్‌గిరిలో ఉండేది. ఏటా సెలవులివ్వగానే కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చేది. మల్కాజ్‌గిరి నుంచి తార్నాకకు ఆటోలో వచ్చి, ఏడు సముద్రాలు దాటిన దానిలా "అబ్బా, వచ్చి పడ్డం" అని బ్యాగు కింద పెట్టేది.

నా మేనకోడలికి దుప్పటి పట్టుకునే ఎత్తు లేనన్నాళ్ళూ దుప్పటి కిందే కూర్చునేది. పైన పండ్లు పడుతుంటే కింద నుంచి తలతో వాటిని ఎగరేసేది. ఇంటికి వచ్చేసరికి జుట్టు, గౌను, చెవులు అన్నీ ఊదా రంగు. పోయిన ఏడాది, ఇక తాను పెద్దదాన్నయ్యానని, తనకూ ఒక కొస కావాలని పేచీ పెట్టింది.

"వచ్చే ఏడాది" అంది అక్క. "వచ్చే ఏడాది స్కూటర్‌ను రిటైర్ చేసి, దాని కొస నీకిస్తం. తాత లెక్క పెన్షన్ తీస్కోని ఇంట్ల కూసుంటది అది."

నాన్న నవ్వలేదు. స్కూటర్ వైపు చూశాడు, దానికి వినపడిందేమో అన్నట్టు.

ఆ వానాకాలంలోనే అక్క పోయింది. జ్వరం అన్నారు. తర్వాత డెంగీ అన్నారు. తర్వాత ఏమీ అనలేదు. నేను ఎక్కడైనా ఏదో ఒకటి అనే రకం. చర్చిలో ప్రసంగం నడుస్తుంటే పక్కవాణ్ణి నవ్వించి అమ్మతో గిల్లించుకున్నవాణ్ణి. సమాధి దగ్గర మాత్రం ఏమీ తోచలేదు. గొడుగులన్నీ నల్లవే ఉంటే ఒకటి మాత్రం పూల గొడుగు ఉంది. అది అక్కదే. అది నాకు కనిపించింది, ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది సెలవులకు పిల్ల ఒక్కతే వచ్చింది. బావ తీసుకొచ్చి దిగబెట్టాడు. ఆయనకు బ్యాంకులో విశాఖపట్నం బదిలీ అయింది. అక్కడ ఆయన తల్లి ఉంది, పిల్లను చూసుకుంటుంది, బడిలో సీటు కూడా దొరికింది. సెలవులైపోగానే వచ్చి తీసుకుపోతానన్నాడు. బావ మంచివాడు. ఆయన్ను తిట్టుకోవడానికి మాకు ఏ కారణమూ దొరకలేదు. మా ఇంట్లో అది కూడా ఒక కష్టమైంది.

ఆ రోజు ఆయన వెళ్ళాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"గాడ సముద్రం ఉన్నది" అంది.

"ఉంటే?"

"మన దగ్గర ఏమున్నది రా?"

"ఎండ ఉన్నది."

"నీ మొఖం. చెప్పేది ఇను. గా పోరి మళ్ళ సెలవులకు ఈడికే వస్త అనాలె. మనం పిలిస్తే వచ్చుడు కాదు. అదే అడగాలె, అమ్మమ్మ దగ్గరికి పోత అని. ఈ సారి అడగకపోతే ఇంక అడగదు. పిల్లలు మర్చిపోతరు." కూర గరిటె కడిగిందే మళ్ళీ కడిగింది. "గా బాధ్యత నీది. ఎట్లన్న గానీ సెలవులు మంచిగ గడవాలె."

ఉద్యోగం ఇంటి నుంచే చేస్తాను కాబట్టి మా అమ్మ దృష్టిలో నాకు ఉద్యోగం లేదు. బాధ్యతలన్నీ నావే.

మొదట చర్చిలో పిల్లలకు సెలవుల్లో పెట్టే వీబీఎస్‌కు పంపాం. పాటలు, రంగు కాగితాలు, చివర్లో సమోసా. రెండో రోజుకే తిరిగొచ్చి చెప్పులు విసిరేసింది.

"ఏమైంది మేడం?"

"గా టీచర్ ఆంటీ నన్ను పట్టుకుని ఏడుస్తుంది మామా. పాటల మధ్యల. నేనే ఆంటీకి నా వాటర్ బాటిల్ ఇచ్చిన."

"తాగిందా?"

"మొత్తం తాగింది. ఇంక నేను పోను." మళ్ళీ అడిగింది, "మామా, అమ్మ స్టార్ అయిందని కింది ఇంటి ఆంటీ అన్నది. నిజమేనా?"

"కాదు. స్టార్లంటే గ్యాస్. అమ్మ మాథ్స్ టీచర్."

ఆలోచించి, "నేను కూడ గదే అనుకున్న" అంది. ఆ రోజు నుంచి ఎవరేం చెప్పినా, నిజమా కాదా అని తేల్చుకోవడానికి నా దగ్గరికే వచ్చేది. పక్కింటివాళ్ళు చెప్పేవి, తాత చెప్పేవి, చివరికి టీవీ చెప్పేవి కూడా.

మనుషులతో లాభం లేదని తేలింది కాబట్టి చెట్లే దిక్కు. సెలవుల్లో పిల్లలతో ప్రకృతిలో ఏమేం చేయొచ్చో ఫోన్‌లో వెతికాను. చెట్టును కౌగిలించుకోండి అని రాశారు. పొద్దున్నే వెళ్ళి కౌగిలించుకున్నాం. రాసినవాడికి ఎర్ర చీమల గురించి తెలియదు. కళ్ళు మూసుకుని కూర్చుని శబ్దాలు వినండి అన్నారు. కూర్చున్నాం.

"ఏం వినవడ్డది?" అన్నాను.

"బస్సు హారన్. గా లాఫింగ్ క్లబ్ అంకుల్‌వాళ్ళు. ఒక అన్న రాజ్యాంగం చదువుతున్నడు." ఇంకాస్త విని, "నీ కడుపు" అంది.

అప్పుడే ఎక్కడో కోయిల కూసింది. అక్కకు దాన్ని వెక్కిరించడం అలవాటు. అది కూస్తే అక్క కూసేది. దానికి రోషం వచ్చి ఇంకా గట్టిగా కూసేది. అలా ఇద్దరూ పంతానికి పోతే నాన్న కల్పించుకుని విడిపించాల్సి వచ్చేది. ఇప్పుడు కోయిల కూసి ఆగింది. మళ్ళీ కూసి ఆగింది. నేను పిల్ల వైపు చూశాను. తను నా వైపు చూసింది. ఎవరూ బదులివ్వకపోతే కోయిల కూడా ఎక్కువసేపు కూయదు.

ఎర్రమట్టిలో విత్తనాలు పెట్టి ఉండలు చేసి విసిరాం. వాటిలో ఎక్కువ భాగం ఒక కుక్క బంతి అనుకుని తెచ్చి మళ్ళీ మా చేతికే ఇచ్చింది. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ పిల్ల చెప్పింది:

"మామా, ఫోన్ల చూసి ఇవన్నీ ఎందుకు? నేరేడు ఎప్పుడు?"

అంతే. మిగతాదంతా దండగ. నా మేనకోడలికి కావలసింది స్కూటర్ కొస.

అప్పటి నుంచి రోజూ పొద్దున చెట్టు దగ్గర హాజరు. కాయలు పచ్చగా ఉన్నాయి. తర్వాత ఎర్రబడ్డాయి. తర్వాత కొమ్మల చివర్లు నల్లబడ్డాయి. బడులు తెరిచే రోజు దగ్గరికొచ్చింది. వాన మాత్రం రాలేదు. సాయంత్రమైతే మబ్బులు మల్కాజ్‌గిరి దాకా వచ్చి, మా గురించి ఎవరో చెడుగా చెప్పినట్టు వెనక్కి పోయేవి.

ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఆకాశం చూసింది అమ్మ. అక్క పోయినప్పటి నుంచి ఆమెకు వానంటే పడదు. చినుకు వాసన వస్తే చాలు కిటికీలు మూసేసేది, బకెట్లు బోర్లించేది. అలాంటిది బట్టలు ఆరేసే నెపంతో డాబా ఎక్కి, కొంగు నెత్తిన వేసుకుని, పడమటి దిక్కు చూస్తూ నిలబడేది.

"వారాసిగూడల నాలుగు చుక్కలు పడ్డయంట" అన్నాడు ఒకరోజు నాన్న, పాల ప్యాకెట్లతో పాటు వార్త తెచ్చి. "పడ్డట్టే కద బిడ్డా? పోదామా?"

పిల్ల నా వైపు చూసింది.

"వారాసిగూడ మన చెట్టు కాదు" అన్నాను.

"అవును తాతా. మన చెట్టు మీద పడాలె."

నాన్న పాల ప్యాకెట్లు ఫ్రిజ్‌లో పెట్టి నన్నొక చూపు చూశాడు.

బావ రేపు వస్తాడనగా, ఆ పొద్దున నాన్న అందరికంటే ముందే తయారయ్యాడు. స్కూటర్ ముందు భాగంలో రెండు నీళ్ళ క్యాన్లు, పూలకుండీలకు నీళ్ళు పోసే జల్లెడ మూతి డబ్బా. చంకలో దుప్పటి. అమ్మ చేతిలో దోటి. ఎవరూ ఏమీ వివరించలేదు. చెట్టు దగ్గరికి వెళ్ళాక నాన్న నాతో అన్నాడు, "ఎక్కు."

"ఎక్కి?"

"పొయ్యి."

నేను మొదటి కొమ్మ ఎక్కి డబ్బాతో నీళ్ళు పోశాను. కింద నాన్న రెండు చేతులూ చాపి, చాలా గంభీరంగా, "వాన! వాన పడుతున్నది!" అన్నాడు. రైల్వేలో అన్నేళ్ళు పనిచేసిన మనిషి, జోకు అంటే ఏమిటో ఇప్పటికీ తెలియని మనిషి. అమ్మ కొంగు నెత్తిన కప్పుకుంది, తడుస్తున్నట్టు.

ఈలోగా సెక్యూరిటీ అతను సైకిల్ దిగాడు.

"ఏం చేస్తున్నరు సార్?"

"చెట్టుకు నీళ్ళు పోస్తున్నం" అన్నాడు నాన్న.

"నీళ్ళు కింద పోస్తరు కద సార్. మీద ఎందుకు పోస్తున్నరు?"

"దీనికి మీద కావాలె."

అతను పైన ఉన్న నన్ను, కింద కొంగు కప్పుకున్న అమ్మను, దుప్పటి పట్టుకుని నిలబడ్డ పిల్లను చూశాడు. ఏమనుకున్నాడో గాని, "కొమ్మలు ఇరగ్గొట్టకుండ్రి" అని వెళ్ళిపోయాడు.

ఆకుల మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. నల్లటి గుత్తులు మెరుస్తున్నాయి. పిల్ల వాటిని చాలాసేపు చూసింది. దుప్పటి విప్పి చెప్పడం మొదలుపెట్టింది.

"నేను స్కూటర్‌ది పట్టుకుంట. అమ్మమ్మ అమ్మమ్మది. మామ మామది." ఒక కొస మిగిలింది. దాన్ని చేతిలో పట్టుకుని నాన్న దగ్గరికి నడిచింది. "అమ్మది స్కూటర్‌కు కట్టు తాతా."

నాన్న వంగి కట్టాడు. ఆ ముడి వేయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నేను అప్పటికి చెట్టు దిగాను. నా కొస పట్టుకున్నాను. అమ్మ తన కొస పట్టుకుంది. నాన్న దోటి ఎత్తాడు.

"ఆగు తాతా" అంది పిల్ల.

ఆగాడు.

"ఇది వాన కాదు." ఎవరినీ తప్పుపట్టినట్టు కాదు, తెలిసిన విషయం చెప్పినట్టు. "ఇవి మన ట్యాంకు నీళ్ళు. అమ్మ ఒప్పుకోదు."

నేనేదో ఒకటి అనాలి. అలాంటప్పుడు అనడానికే నేనున్నాను. ట్యాంకు నీళ్ళు కూడా ఒకప్పుడు వానే అని నోటి దాకా వచ్చింది. ఆ మాటకు అక్క ఏమనేదో కూడా తెలుసు. ఉమ్మెయ్ అనేది.

పిల్లే ముడి విప్పింది. చేతులు చాలకపోయినా దుప్పటి తానే మడిచింది. తిరిగి వస్తుంటే స్కూటర్ కూడా దారి మధ్యలో మొరాయించకుండా వచ్చింది.

మర్నాడు బావ వచ్చాక, సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్‌కు అందరం వెళ్ళాం. రైలెక్కాక పిల్ల కిటికీ అద్దంలోంచి ఏదో చెప్పబోయి, వినపడదని తెలిసి మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, వాన పడ్డంక ఫోన్ చెయ్యి. నేను వస్త."

అమ్మ అప్పుడు నా వైపు చూసింది. ఈ సెలవులంతా కావాలనుకున్న మాట అదే. పిల్ల తనంతట తానే అంది.

"చేస్త బిడ్డా."

"పడ్డ రోజే. చెట్టును ముట్టుకోవద్దు. నేను వచ్చినంక."

వెనక నుంచి బావ మెల్లగా అన్నాడు, "చూద్దాం అమ్మా. అప్పటికి స్కూలు మొదలైపోతుంది కదా. వెంటనే రాలేం." మా వైపు తిరిగి, "లీవు కూడా ఇప్పుడే ఇవ్వరత్తయ్యగారూ. కొత్త బ్రాంచి" అన్నాడు. నిజమే చెప్పాడు. ఆయనెప్పుడూ నిజమే చెప్తాడు.

పిల్ల ఆయన మాట విననట్టే, "వస్త" అని లోపలికి పోయింది.

వాన రావడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. ఒక సాయంత్రం నేను బండి మీద వస్తుంటే తార్నాక చౌరస్తాలో పట్టుకుంది. ఎవరో పైనుంచి కుమ్మరించినట్టు. రోడ్డు కనిపించలేదు. బండి తోసుకుంటూ ఇంటికొచ్చి మెట్లెక్కేసరికి చొక్కా, ప్యాంటు, జేబులో ఉన్నవన్నీ నీళ్ళే. ఒక్కటే అనుకుంటూ వచ్చాను. చెట్టు తడుస్తున్నది. ఈ మాట పిల్లకు ఎవరు చెప్పాలి?

తలుపు తీసేసరికి అమ్మ ఫోన్‌లో ఉంది. నాన్న కూడా వినడానికి స్పీకర్ పెట్టారు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మూసినా ఏం లాభం, పక్కింటి రేకుల మీద వాన దరువేస్తున్నది.

"అమ్మమ్మా, అదేంటి సౌండ్?"

అమ్మ ఒక్క క్షణం ఆగింది. సౌండ్ గురించి కాదనుకుంటాను. ఇక్కడున్నప్పుడు పిల్ల 'ఏంది' అనేది.

"అప్పడాలు వేంచుతున్న బిడ్డా."

"అన్ని అప్పడాలా?"

"మీ తాతకు ఇష్టం కద."

నూనె ముట్టొద్దని డాక్టరు చెప్పిన మా నాన్న ఫోన్‌కు దగ్గరగా వంగి, "ఆఁ, ఇష్టం" అన్నాడు.

"టీవీలో హైదరాబాద్‌లో పెద్ద వాన అని చూపిస్తున్నారు."

"గది గచ్చిబౌలి దిక్కు" అంది అమ్మ. "గాడనే పడుతది ఎప్పుడు. మన దిక్కు ఒక్క చుక్క లేదు."

నాకప్పుడు అర్థమైంది. వాన పడితే పిల్ల రావాలి. రావడం కుదరదు. అప్పుడు ఆ 'వస్త' అన్న మాట అక్కడితో అయిపోతుంది, చెప్పిన మాట నిలబెట్టుకోలేకపోయానని తాను అనుకుంటుంది, మెల్లగా అడగడం మానేస్తుంది. వాన పడకపోతే మాత్రం పిల్ల ఇంకా రావలసే ఉంటుంది.

"మామ ఉన్నాడా? మామకివ్వు."

అమ్మ ఫోన్ నాకు అందించింది. నా వైపు చూడలేదు. పట్టుకునే ముందు చెయ్యి తుడుచుకుందామని చూశాను, తుడుచుకోవడానికి ఒంటి మీద పొడిగా ఏదీ లేదు.

"మామా, నువ్వు చెప్పు. నిజంగా పడలేదా?"

నా జుట్టు నుంచి కారిన నీళ్ళు ఫోన్ మీద పడుతున్నాయి.

"లేదు మేడం" అన్నాను. "ఎండలు దంచుతున్నయి. తార్నాకల ఇంకా వాన పడలే."

రేకుల మీద వాన మాత్రం ఆగలేదు.

"పడ్డాక నాకే చెప్తావా ఫస్ట్?"

"నీకే."

"నేను వస్తా."

"వస్తవు."

ఫోన్ పెట్టేశాక చూస్తే నా కింద చిన్న మడుగు అయింది. అది గడప దాకా పారింది. తుడవడానికి నాన్న అల్మారా తెరిచి చేతికి దొరికిన పాత బట్ట ఒకటి లాగాడు. అమ్మ పరుగున వచ్చి ఆయన చేతిలోంచి దాన్ని గుంజుకుంది. దుప్పటి మడత చెదరలేదు. కొసలు కొసలకు కలవకుండా వంకరగా మడిచి ఉంది, చేతులు చాలని పిల్ల మడిచినట్టుగానే.

అమ్మ దాన్ని మళ్ళీ అలాగే లోపల పెట్టి, తువ్వాలు తెచ్చి ముందు నా తల తుడిచింది.